పాత క్యాసెట్టు, కొత్త ఆట, మధ్యలో గరిట

"తాతయ్యా, మీరే చెప్పండి. నాన్న ఆట గొప్పదా, నా ఆట గొప్పదా?"

మొన్నటి వేసవి సెలవులకి పూణే నుంచి బరంపురం వచ్చిన మా మనవరాలు, భోజనాలయ్యాక నన్ను పడక్కుర్చీలో కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న ఇది. దానికి తొమ్మిదేళ్ళు. ప్రతివాది దాని కన్నతండ్రి, అంటే మా అబ్బాయి. వాడికి ముప్పై అయిదు దాటాయి. ఇద్దరి మధ్యా తగవు ఆస్తిపాస్తుల గురించి కాదు, ఒక వీడియోగేమ్ గురించి. "మా రోజుల్లో ఆట ఆటలా ఉండేది. ఇప్పుడు రంగులూ హంగులూ తప్ప ఏముంది?" అని వాడు. "మీ ఆటలో మనిషి పరుగు కూడా పెట్టలేడట కదా నాన్నా!" అని అది.

"మా రోజుల్లో" అన్న మాట వాడి నోట వినేసరికి నాకు నవ్వాగలేదు. నిన్న మొన్నటిదాకా ఆ మాటమీద సర్వహక్కులూ నావేననుకున్నాను. మరో తరం దాన్ని లాగేసుకుందని అప్పుడే తెలిసింది.

నాకు చదరంగం, పేకముక్కలు తప్ప మరో ఆట రాదు. అయినా సెలవులు నెల్లాళ్ళున్నాయి, పైగా బయట ఎండ మండిపోతోంది. ఇద్దరి వాదనలూ విని, రెండు ఆటలూ పక్కన కూర్చుని చూసి, తీర్పు చెబుదామని పూనుకున్నాను. అది ఎక్కడెక్కడికో దారి తీసింది. మన కుటుంబాల్లో ఇలాంటి తగవులు చాలా ఇళ్ళలో ఉంటాయి గనుక, జరిగినదంతా పాఠకులతో చెప్పుకోవాలనిపించింది.

పురుగులు పట్టే కుర్రవాడు

ఆట పేరు పోకెమాన్. పసుపుపచ్చని పికాచూ బొమ్మను చూడనివారు మనలో తక్కువ. 2003లో మన దేశంలో టీవీలో కార్టూను మొదలైనప్పటినుంచి పిల్లలున్న ప్రతి ఇంటికీ అది చుట్టమే. కానీ కార్టూనుకన్నా ముందు పుట్టింది ఆట. దీన్ని రోల్ ప్లేయింగ్ ఆట అంటారు. ఆడేవాడు కథలో తానే ఒక పాత్ర అయిపోతాడు. చిన్న ఊళ్ళో ఒక ఇంట్లోంచి బయలుదేరి, ఊరూరా తిరుగుతూ, గడ్డిలో దాగిన వింత జీవులను పట్టి, పెంచి, వాటిచేత పోటీలు ఆడించి, చివరికి విజేత అవుతాడు. ఈ వరసలో మొదటివి రెడ్, గ్రీన్ అనే జంట ఆటలు. అవి 1996 ఫిబ్రవరి 27న జపానులో వచ్చాయి.

వీటిని తలపోసినాయన పేరు సతోషి తజిరి. ఆయన టోక్యో శివార్లలో మచిదా అనే చోట పెరిగాడు. చిన్నతనంలో చెరువుగట్ల వెంట, చెట్ల కింద పురుగులు పట్టడమే ఆయన లోకం. ఊరు పెరిగి, చెరువులు పూడి, ఇళ్ళు లేచాక ఆ పురుగులూ పోయాయి. సిమెంటు మధ్య పెరిగే పిల్లలకు ఆ సరదా మళ్ళీ ఇవ్వాలని ఆయన కోరిక. అప్పట్లో గేమ్ బాయ్ అనే అరచేతి యంత్రం ఉండేది. రెండు గేమ్ బాయ్‌లను కలపడానికి ఒక తీగ ఉండేది. ఆ తీగను చూసినప్పుడు ఆయనకు దాని వెంట ఒక పురుగు ఈ యంత్రంలోంచి ఆ యంత్రంలోకి పాకుతూ పోతున్నట్లు తోచిందట. ఆ ఊహను ఆటగా మలచడానికి దాదాపు 6 సంవత్సరాలు పట్టింది.

అంటే చూడండి, మావాడు "అసలైనది" అని నెత్తిన పెట్టుకునే ఆ మొదటి ఆటే, పోయిన బాల్యం మీద బెంగతో పుట్టింది. ఈ సంగతి చెబితే మనవరాలు, "అయితే ఆయన కూడా 'మా రోజుల్లో' అనేవాడా తాతయ్యా?" అంది. అనే ఉంటాడు మరి.

రెండు క్యాసెట్లు, ఒక తీగ

మా ఇంట్లోకి ఈ ఆట 2001 వేసవిలో వచ్చింది. అమెరికాలో ఉన్న మా బావమరిది సెలవులకి వస్తూ మేనల్లుడికీ మేనకోడలికీ చెరో గేమ్ బాయ్ కలర్ తెచ్చాడు. అబ్బాయికి పదకొండేళ్ళు, అమ్మాయికి ఎనిమిది. అబ్బాయికి గోల్డ్ అనే క్యాసెట్టు. అది అమెరికాలో అంతకు ముందు సంవత్సరమే వచ్చింది, కొత్త సరుకు. అమ్మాయికి రెడ్. అది 1998 నాటిది, ఎవరో వాడి అమ్మేసినదాన్ని కొన్నాడు.

మర్నాటినుంచి ఇంట్లో కురుక్షేత్రమే. "నీది పాతది, రంగులు కూడా సరిగ్గా లేవు" అని వాడు చెల్లెల్ని ఏడిపించేవాడు. నిజమే, రెడ్ అసలు నలుపు తెలుపుల ఆట. కొత్త యంత్రంలో పెడితే ఏదో పైపూతగా రంగు వచ్చేది. గోల్డ్‌లో పగలు పగలులాగా, రాత్రి రాత్రిలాగా ఉండేది. క్యాసెట్టు లోపలే గడియారం ఉండేది. కొన్ని జీవులు రాత్రే తిరుగుతాయి. పురుగులు పట్టే పోటీ మంగళ, గురు, శనివారాల్లోనే జరుగుతుంది. జీవులకు ఆడామగా తేడా వచ్చింది, గుడ్లు పెట్టడం వచ్చింది. మొదటి ఆటలో 151 జీవులుంటే ఇందులో 251.

ఈ రోజు "పాతదే గొప్ప" అంటున్నవాడు ఆనాడు "కొత్తదే గొప్ప" అని చెల్లెలి జడ లాగినవాడేనన్నది నేను విచారణలో నమోదు చేసిన మొదటి సాక్ష్యం.

ఆ యంత్రానికి తెర వెనక దీపం లేదు. ట్యూబులైటు కింద కూర్చోవాలి, లేదా వీధరుగు మీద ఎండవైపు తిప్పి పట్టుకోవాలి. కరెంటు పోతే ఆట బందు. ఒకరోజు కరెంటు పోయినప్పుడు కిరసనాయిలు దీపం దగ్గర ఇద్దరూ తలలు ఆనించి ఆడుతుంటే మా అమ్మ వాళ్ళ వెనక చేరింది. అద్దాలు సవరించుకుని తెరలోకి తొంగిచూసి, "ఇదేంట్రా, చేతిలో గరిట పట్టుకుని నిల్చుంది? వంటమనిషా?" అంది.

అది కడాబ్రా అనే జీవి. మనసు బలంతో చెంచా వంచుతుందట. చుక్కలు చుక్కలుగా గీసిన ఆ చిన్న బొమ్మలో మా అమ్మకు అది గరిటలా కనిపించింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ ఆటలోనే పేర్లు మార్చిపెట్టే మనిషి ఒకడుంటాడు. వాడి దగ్గరికి తీసుకెళ్ళి మావాడు ఇంగ్లీషు అక్షరాల్లో "గరిట" అని పేరు పెట్టించాడు. పేరుకు పది అక్షరాలు మించకూడదు. గరిటకు ఆరు చాలాయి.

ఇక తీగ సంగతి. ఈ ఆటలను తయారు చేసినవాళ్ళు కావాలనే జంటగా చేశారు. ఒకదానిలో దొరికే జీవులు కొన్ని రెండోదానిలో దొరకవు. అన్నీ కావాలంటే మరో మనిషితో మార్చుకోవలసిందే. పైగా మొదటి ఆటలోని 151లో నాలుగు జీవులు చేతులు మారితే తప్ప పూర్తిగా ఎదగవు. ఆ నాలుగింటిలో ఈ కడాబ్రా ఒకటి. ఎంత పెంచినా అక్కడే ఆగిపోతుంది. తీగ దాటి మరొకరి యంత్రంలోకి వెళ్ళిందా, ఆ క్షణంలోనే అలకజామ్‌గా మారుతుంది. అప్పుడు దాని చేతిలో ఒకటి కాదు, రెండు చెంచాలు!

గోల్డ్ నుంచి పాత ఆటకు మొదటి 151 జీవుల్లో దేన్నైనా పంపడానికి ఒక ఏర్పాటుంది. అయితే అది కొత్త విద్యలేవీ నేర్చి ఉండకూడదు. మావాడు గరిటను చెల్లెలికి పంపాడు. ఎదగగానే తిరిగి ఇచ్చేస్తానని అది దేవుడి గదిలో ఒట్టు పెట్టింది. బదులుగా ఏదో ఎలుకను ఇచ్చింది. గరిట రెండు గరిటలతో పెద్దదయింది. మా అమ్మాయి ఇవ్వలేదు. వాడు అన్నం మానేశాడు, వాళ్ళమ్మ చేత చెప్పించాడు, నాచేత చెప్పించాడు. అయినా ఇవ్వలేదు. ఆ తగాదా అలాగే ఉండిపోయింది. వాడు పదో తరగతికొచ్చాడు, యంత్రాలు అటకెక్కాయి. అమ్మాయి మాత్రం పెళ్ళయి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు రెడ్ క్యాసెట్టును చీరల పెట్టెలో పెట్టుకుని పోయింది.

తగవు విచారణ

ఇక ఈ వేసవికి వద్దాం. మనవరాలి చేతిలో ఉన్నది స్కార్లెట్ అనే ఆట. 2022 నవంబరులో వచ్చింది. మొదటి 3 రోజుల్లోనే దాని జంట వయొలెట్‌తో కలిపి కోటి ప్రతులు అమ్ముడయ్యాయని తయారీదారు ప్రకటించాడు. అందులో దారి అంటూ ఒకటి లేదు. మొదట్లో కాసేపు కథ నడిచాక కొండ ఎక్కుతావో ఏరు దాటుతావో నీ ఇష్టం. జీవులు గడ్డిలో దాక్కోవు. దూరం నుంచే మందలు మందలుగా కనిపిస్తాయి. నలుగురు స్నేహితులు ఎవరి ఇంట్లో వాళ్ళుండి ఒకే లోకంలో కలిసి తిరగవచ్చు. ఎక్కడిదాకా ఆడామో ఆటే దాచిపెట్టుకుంటుంది. జీవుల సంఖ్య మొత్తం వరసలో 1,000 దాటింది ఈ ఆటతోనే.

పక్కన కూర్చుని చూశాను. బాగుంది. సూర్యాస్తమయం వేళ సరస్సు మీదుగా గాల్లో తేలిపోయే జీవి వీపున మా మనవరాలి బొమ్మ కూర్చుని పోతుంటే నాకే ఎక్కడికో పోతున్నట్లనిపించింది. లోపాలూ ఉన్నాయి. దూరపు బొమ్మలు కీలుబొమ్మల్లా టక్కుటక్కున కదులుతాయి. జనం ఎక్కువైనచోట ఆట నత్తనడక నడుస్తుంది. విడుదలైన కొత్తలో దీనిమీద గోల జరిగితే తయారీదారే విచారం తెలియజేసుకున్నాడు.

మావాడి వాదన మూడు ముక్కలు. పాత ఆట కష్టంగా ఉండేది, అందులో రహస్యాలుండేవి, మరో మనిషి కావలసి వచ్చేది.

కష్టం మాట పరీక్షించడానికి, వాడి సెల్‌ఫోనులో పాత ఆటల వీడియోలు పెట్టుకుని ముగ్గురం చూశాం. పావుగంటకే వాడి మొహం వాడిపోయింది. మనిషి నిజంగానే పరుగెత్తడు. సైకిలు దొరికేదాకా కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. రెడ్‌లో సంచీలో 20 రకాల వస్తువులే పడతాయి. పట్టిన జీవులను దాచే పెట్టెలో 20 నిండితే, మనమే వెళ్ళి పెట్టె మార్చేదాకా మరోదాన్ని పట్టనివ్వదు. మనోబలం జాతి జీవులకు ఎదురే లేదు. దయ్యం జాతి విద్యలు వాటిమీద బాగా పనిచేయాలని ఆటలోనే చెబుతారుగానీ, లెక్క రాయడంలో పొరపాటు జరిగి అవి అసలు తగలనే తగలవు. "ఇదా కష్టం? ఇది విసుగు" అని తేల్చింది మనవరాలు. నేను ఒప్పుకున్నాను. మా చిన్నప్పుడు 5 మైళ్ళు నడిచి బడికెళ్ళామని గొప్పగా చెప్పుకుంటాంగానీ, ఆ రోజుల్లో బస్సు వస్తే ఎక్కకుండా ఉండేవాళ్ళమా?

రహస్యం మాటలో మావాడికి బలముంది. రెడ్ మొత్తం ఇప్పటి ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంత కూడా ఉండదు. అందులో ఒక ప్రపంచాన్ని కుక్కారు. చివర్లో పరీక్షలకు వాడిన భాగాలు తీసేస్తే కొద్దిపాటి చోటు మిగిలింది. షిగెకి మొరిమొతో అనే ఉద్యోగి ఆ చోటులో మ్యూ అనే 151వ జీవిని గుట్టుగా చేర్చాడు. మామూలుగా ఆడేవాళ్ళకు అది దొరకదు. అది ఫలానా లారీ కింద దాగి ఉందని ప్రపంచమంతా పిల్లలు ఒకరికొకరు చెప్పుకున్నారు. అమెరికా బావ పిల్లల ఉత్తరాల ద్వారా ఆ వదంతి మా వీధిదాకా వచ్చింది! ఇప్పుడైతే అయిదు నిమిషాల్లో ఇంటర్నెట్ నిజం చెప్పేస్తుంది. అయితే ఇది ఆటలో మార్పు కాదు, కాలంలో మార్పు. ఈనాటి పిల్ల చేతికి రెడ్ ఇచ్చినా లారీ కింద ఏమీ లేదని దానికి ముందే తెలిసిపోతుంది.

మూడోది, మరో మనిషి. కొత్త ఆటలోనూ జంట ఉంది, మార్పిడి ఉంది. కానీ అవతల ఉన్నది ఎవరో తెలియనక్కర్లేదు. మీట నొక్కితే ఏ దేశంవాడో ఏదో పంపిస్తాడు. "అలా అని నేను ఒక్కదాన్నే ఆడతాననుకోకండి తాతయ్యా. రోజూ సాయంత్రం విశాఖలో అత్త కొడుకుతో ఫోనులో మాట్లాడుతూనే ఆడతాను" అంది మనవరాలు. అదీ నిజమే. మా పిల్లల తీగ బారెడే. దీని తీగ పూణే నుంచి విశాఖదాకా ఉంది.

అప్పటికి నా లెక్కలో మనవరాలే గెలుస్తోంది.

ఆరిపోయిన గోల్డ్

"ఇంత మాట్లాడేకన్నా అసలైనది తీసి ఆడుదాం" అని మావాడు అటకెక్కాడు. 2013లో ఫైలిన్ తుఫాను నాడు అటకంతా కారినా, బిస్కట్ల రేకుడబ్బాలో ఉన్నందువల్ల యంత్రాలు తడవలేదు. ఒకదానిలో పాత సెల్స్ కారి తుప్పు పట్టింది. నిమ్మరసం, పాత టూత్‌బ్రష్షుతో గీకి తుడిచాం. కొత్త సెల్స్ వేశాం. గోల్డ్ క్యాసెట్టు పెట్టి మీట పైకి జరపగానే "టింగ్" మని ఆ పాత చప్పుడు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

తెరమీద రెండు మాటలు రావాలి: "కొనసాగించు", "కొత్త ఆట". రెండోది ఒక్కటే వచ్చింది.

మావాడు తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. మూడోసారి పెట్టలేదు.

విషయమేమిటంటే, ఆ క్యాసెట్టు లోపల నాణెమంత బ్యాటరీ ఉంటుంది. మనం ఎక్కడిదాకా ఆడామో గుర్తుంచుకునేది దాని బలంతోనే. గోల్డ్‌లో గడియారం కూడా దానిమీదే నడుస్తుంది గనుక మరీ తొందరగా అయిపోతుంది. అటకమీద చీకట్లో ఆ గడియారం ఎవరూ చూడకుండా రోజులూ వారాలూ లెక్కపెట్టుకుంటూ ఏదో ఒకనాడు ఆగిపోయింది. దాంతోపాటు వాడి 300 గంటల ఆట, పట్టిన జీవులు, మా అమ్మ నవ్వుతూ పెట్టిన మరికొన్ని పేర్లు అన్నీ పోయాయి. మా అమ్మ 2009లోనే వెళ్ళిపోయింది.

"మళ్ళీ కొత్తగా వచ్చిందిగా నాన్నా ఈ ఆట? అది కొనుక్కోవచ్చుగా?" అంది పిల్ల, తండ్రి మొహం చూసి. వచ్చింది. రెడ్‌ను 2004లో, గోల్డ్‌ను 2009లో కొత్త హంగులతో మళ్ళీ తీశారు. 2018లో మొదటి కథనే మరోసారి మార్చి తీశారు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మావాడు స్నేహితుడి దగ్గర ఆ 2009 నాటిది ఆడాడట. జీవి మన వెనకే నడుస్తూ వస్తుంది, ఊళ్ళన్నీ అవే, పాటలన్నీ అవే. "బాగా చేశారు నాన్నా. అన్నీ ఉన్నాయి. గరిట లేదు, అంతే" అన్నాడు.

2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ అనే ఆటల్లో పాత జీవులన్నిటికీ చోటివ్వలేదని ప్రపంచవ్యాప్తంగా అభిమానులు గగ్గోలు పెట్టారని వాడే ఒకసారి చెప్పాడు. బొమ్మల కోసం ఇంత రభసా అనుకున్నాను అప్పట్లో. ఆ మధ్యాహ్నం అర్థమయింది. ఎవరి గరిట వాళ్ళది.

అత్త తెచ్చిన రెడ్

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేశాను. నాలుగు రోజుల తరవాత పిల్లవాణ్ణి తీసుకుని రైల్లో దిగింది. కాళ్ళు కడుక్కోకుండానే సంచీలోంచి చేతిరుమాల్లో చుట్టిన ఎర్ర క్యాసెట్టు తీసింది.

పెట్టాం. "కొనసాగించు" అని వచ్చింది.

రెడ్‌లో గడియారం లేదు. అందువల్ల బ్యాటరీ ఇంకా కొనఊపిరితో ఉంది. జీవుల పట్టీలో మూడోది, గరిట. మీట నొక్కితే రెండు చెంచాలు పట్టుకున్న బొమ్మ. దాని కింద, తొలి యజమాని అన్నచోట, మా అబ్బాయి పేరు.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే. జీవి ఎన్ని చేతులు మారినా మొదట పట్టినవాడి పేరు చెరగదు. అతను పెట్టిన ముద్దుపేరు మార్చే హక్కు కూడా కొత్త యజమానికి లేదు. మన ఆడపిల్లలకు పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది. దీనికి మారదు.

"ఆ రోజు నేను మాట తప్పాను కాబట్టి బతికింది. ఇచ్చి ఉంటే నీ గోల్డ్‌తో పాటే పోయేది కదా అన్నయ్యా" అంది మా అమ్మాయి. వాడేమీ అనలేదు. చెల్లెలి జడ పట్టుకుని ఒక్కసారి లాగాడు.

మనవరాలు మాత్రం గరిటనే చూస్తోంది. "గరిట అంటే ఏమిటి తాతయ్యా?" అని అడిగింది. పూణేలో వాళ్ళింట్లో అందరూ స్పూన్ అనే అంటారు. మా ఆవిడ వంటింట్లోంచి పప్పుగరిట తెచ్చి చేతికిచ్చింది. ఎవరు పెట్టారు ఆ పేరు, ఎప్పుడు, ఎందుకు అని కథంతా అప్పుడు చెప్పాం. ఫొటోలో తప్ప చూడని తాతమ్మ గురించి అది అన్ని ప్రశ్నలు వేయడం అదే మొదలు.

ఇచ్చి పుచ్చుకోవడం

"దీన్ని నా స్కార్లెట్‌లోకి పంపండి" అంది వెంటనే. కుదరదు. 2002లో జపానులో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలతో లోపలి లెక్కలన్నీ మార్చి రాశారు. అప్పటినుంచి పట్టిన జీవులు ఒక యంత్రంనుంచి మరో యంత్రానికి అంచెలంచెలుగా దాటుకుంటూ వచ్చే దారి ఉంది. అంతకు ముందు క్యాసెట్లలోనివి ఆ గట్టు దాటలేవు. 2016లో పాత ఆటలను అప్పటి కొత్త యంత్రంమీద మళ్ళీ అమ్మినప్పుడు, వాటిలో కొత్తగా పట్టినవాటికి దారి వేశారుగానీ అసలు క్యాసెట్లలో మిగిలినవాటికి కాదు.

రెడ్ బ్యాటరీ రేపో మాపో ఆగుతుంది. మార్చాలంటే పాతదాన్ని టంకం విప్పి తీయాలి. తీసిన క్షణంలో జ్ఞాపకమంతా పోతుంది. మరేం చేయాలి?

ఉపాయం మనవరాలికే తట్టింది. "నాన్నా, గోల్డ్‌లో ఎలాగూ ఏమీ లేదుగా? దానికే కొత్త బ్యాటరీ వేద్దాం. నేను మొదటినుంచి ఆడతాను. అత్త నాకు గరిటను పంపుతుంది."

ఊళ్ళో రేడియోలు, టీవీలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడు. క్యాసెట్టు విప్పి, పాతది తీసి, కొత్త బ్యాటరీ అతికించి పది నిమిషాల్లో ఇచ్చాడు. కొత్త ఆట మొదలుపెట్టగానే అందులోని ముసలి ప్రొఫెసరు నిద్రలేచి, ఇప్పుడు టైమెంతయిందని అడుగుతాడు. మొదటినుంచీ ఆ ఆట అలాగే మొదలవుతుంది. కానీ ఆ రోజు ఇంట్లో అందరికీ ఒళ్ళు ఝల్లుమంది.

మా అమ్మాయి రెండు వారాలు సెలవు పొడిగించుకుంది. పరుగులేని ఆ ఆటను మనవరాలు సణుక్కుంటూనే ఆడింది. కొన్నిచోట్ల తండ్రిని అడిగింది, ఇంటర్నెట్‌ను అడగలేదు. స్కార్లెట్ సంగతి మరిచిపోయిందని అనను. రాత్రిపూట అదీ ఆడేది. పాత ఆటతో సంబంధాలు కలిపే చోటు తెరుచుకునేదాకా పన్నెండు రోజులు పట్టింది.

పదమూడో రోజు సాయంత్రం వీధరుగు మీద తీగ పెట్టారు. ఇక్కడ ఒక నియమముంది. ఊరికే ఇవ్వడం ఈ ఆటలో లేదు. పుచ్చుకునేవాళ్ళు తమదొకటి ఇవ్వాల్సిందే. మనవరాలు తాను మొదట్లో పట్టిన ఒక చిన్న పిట్టను సిద్ధం చేసింది. దానికి "తాతయ్య" అని పేరు పెట్టింది. తెరమీద గరిట ఇటు వచ్చింది, తాతయ్య అటు వెళ్ళాడు. అత్తా మేనకోడలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను రెడ్‌లోకి చేరాను. ఆ బ్యాటరీ ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. నాదైనా అంతేగా!

గరిట వచ్చీ రాగానే పోటీకి దింపింది మనవరాలు. దెబ్బ కొట్టమంటే కొట్టలేదు. ఆజ్ఞ వినకుండా మొహం తిప్పుకుంది. ఇతరుల చేతిలో పెరిగి పెద్దదైన జీవి, కొత్త యజమాని తగినన్ని పతకాలు గెలిచేదాకా మాట వినదట. "మీ తాతమ్మ పోలిక. ఆవిడా ఎవరి మాటా వినేది కాదు" అంది మా ఆవిడ.

సెలవులైపోయి బయలుదేరే రోజున నా తీర్పు అడిగారు. ఏది బాగా చేసిన ఆట అంటే కొత్తదేనన్నాను. చూపు తప్పిన అభిమానం లేకపోతే ఎవరైనా అదే చెబుతారు. కానీ మావాడు "మా రోజుల్లో" అంటూ వెతుక్కుంటున్నది ఆటను కాదు. కిరసనాయిలు దీపం దగ్గర వెనకనుంచి తొంగిచూసిన మామ్మను, ఒట్టు తప్పిన చెల్లెల్ని. అది ఏ కొత్త క్యాసెట్టులోనూ అమ్మరు. పాత క్యాసెట్టులో కూడా ఊరికే ఉండిపోదు, ఎవరో ఒకరు పుచ్చుకుంటేనే ఉంటుంది.

మీ ఇళ్ళలోనూ అటకమీద ఏ రేకుడబ్బాలోనో ఇలాంటివి ఉండవచ్చు. ఆట కావచ్చు, పాటల టేపు కావచ్చు. లోపలి బ్యాటరీ ఆగకముందే ఒకసారి దించి చూడండి. పక్కన ఓ చిన్నపిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టుకోండి.

నిన్న పూణే నుంచి ఫోను వచ్చింది. ఏడో పతకం గెలిచిందట. గరిట ఇంకా మాట వినడం లేదట.